బాపు కత్తికి ఒర: చేయిస్తే ఎంత, నేనే కుట్టుకుంటే ఎంత పడింది

ఏప్రిల్‌లో మామిడి కోతలప్పుడు బాపు కుడి అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. కాయ కోస్తుంటే తెగింది కాదు, నడుముకి దోపుకున్న కత్తిని బయటికి తీస్తుంటే తెగింది. ఆ కత్తికి ఎప్పుడూ ఒర లేదు. పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి, దాని మీద గోనెపట్టా చుట్టి, సుతిలితో కట్టి పంచె మడతలో దోపుకునేవాడు. ఆ రోజు ట్యూబ్ లోపలివైపు చిరిగి ఉంది, చూసుకోలేదు. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను, అమ్మ ఫోన్ చేసి "ఏం కాలేదు, చిన్న గాయమే" అని మొదలుపెట్టగానే నాకు టెన్షన్ వచ్చేసింది. ఆ వారం జగిత్యాల వెళ్ళి చూసి, తిరిగి వచ్చేటప్పుడు కత్తిని నాతోనే తెచ్చేశాను. ఒరతోనే మళ్ళీ నీ చేతికిస్తానని బాపుకి చెప్పాను.

కత్తి గురించి కొంచెం చెప్పాలి. మా ఊరి కమ్మరి ఇరవై ఏళ్ళ కింద లారీ కమాన్ పట్టీ కొట్టి చేసిచ్చింది. పిడి కాకుండా పొడవు ఆరంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, వీపు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మందం, తుమ్మ పిడి. ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చి కోనసముద్రం ఉక్కు కొనుక్కెళ్ళిన ప్రాంతం మాకు పెద్ద దూరం కాదు, ఉక్కు గురించి మావైపు పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఒక గర్వం ఉంటుంది. కమాన్ పట్టీ ఉక్కు పదును బాగా నిలబెట్టుకుంటుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది, స్టీలు కత్తిలా కాదు. ఈ తుప్పు విషయం నేను మొదట్లో అసలు లెక్కలోకి తీసుకోలేదు, తర్వాత అదే పెద్ద విషయం అయింది.

ముందు ఆన్‌లైన్‌లో 350 రూపాయల నైలాన్ ఒరలు చూశాను. అన్నీ ఫ్యాక్టరీ కత్తుల కొలతలకి చేసినవి. కమ్మరి చేతి కత్తి మొన దగ్గర కొంచెం వంపు తిరిగి ఉంటుంది, పిడి దగ్గర లావుగా ఉంటుంది, దేంట్లోనూ సరిగ్గా కూర్చోదు. అందుకని మా వీధి చివర చెప్పులు కుట్టే కాకా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టిస్త సార్, కానీ నా దగ్గరున్నది సంచుల తోలు, ఇది కత్తికి ఆగేది కాదు" అని ముందే చెప్పాడు. నేనే వినలేదు. 250 రూపాయలు తీసుకుని గంటలో కుట్టిచ్చాడు, చూడ్డానికి శుభ్రంగానే ఉంది. మే నెలలో బాపుకి ఇచ్చాను.

జూన్‌లో వానలు పడ్డాక బాపు ఫోన్ చేసి ఒర అంచున కుట్లు తెగిపోతున్నాయన్నాడు. వెళ్ళి చూస్తే లోపల దారాలు వరసగా కోసుకుపోయి ఉన్నాయి, కత్తి అంతా ఎర్రటి చుక్కలు. అప్పుడు కూర్చుని దీని గురించి చదవడం మొదలుపెట్టాను. బ్యాగులకి, జాకెట్లకి వాడేది ఎక్కువగా క్రోమ్ టాన్ తోలు, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. మెత్తగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది, కానీ లోపల మిగిలిన లవణాలు తడితో కలిసి ఇనుముని తింటాయి. పైగా మెత్తటి తోలు ఆకారం పట్టి నిలబడదు, కత్తి లోపల కదులుతూనే ఉంటుంది. కత్తి ఒరకి కావల్సింది వెజ్ టాన్, చెట్ల బెరడుతో, కాయలతో వారాల తరబడి నానబెట్టి శుద్ధి చేసిన గట్టి తోలు. దక్షిణాదిలో దానికి పాతకాలం నుంచీ వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం అని చదువుకున్న ఆ తంగేడు చెట్టు బెరడుతో తోలు తయారవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో విషయం కుట్లు తెగడం. కత్తిని ఒరలోకి తోసేటప్పుడు పదును అంచు నేరుగా వెళ్ళి కుట్ల మీద ఆనుతుంది. అందుకని తోలు రెండు పొరల మధ్యలో, కుట్టు వచ్చే అంచు పొడవునా, ఇంకో తోలు పట్టీ పెట్టాలి. పదును ఆ పట్టీని తాకుతుంది, దారాన్ని తాకదు. కాకా కుట్టినదాంట్లో ఆ పట్టీ లేదు, నేను అడగనూ లేదు.

ఇంత తెలిశాక నేనే చేస్తానని అనుకోలేదు నిజానికి. చేతిపనిగా ఒరలు చేసే ఒకాయన బెంగళూరులో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. చాలా ఓపిగ్గా మాట్లాడాడు. 3,800 రూపాయలు, ఐదు వారాలు అన్నాడు. ఫొటో, కొలతలు పంపితే చాలదా అంటే, "సర్, తోలు తడిపి మీ కత్తినే లోపల పెట్టి అచ్చు తీయాలి, కత్తి లేకుండా చేస్తే సంచి అవుతుంది, ఒర కాదు" అన్నాడు. కత్తి పంపాలి. మొదట అడిగిన కొరియర్ వాళ్ళు కత్తి అనగానే కుదరదన్నారు, ఇంకొకళ్ళు గట్టిగా ప్యాక్ చేసి లోపల ఏముందో రాసిస్తే తీసుకుంటామన్నారు, రానూపోనూ 600. మొత్తం 4,400. కత్తి చేసిన కమ్మరికి బాపు అప్పట్లో ఇచ్చింది 150 రూపాయలు. కత్తి కంటే ఒరకి ముప్పై రెట్లా అనిపించింది. రెండు వేలకి చేసిస్తారా అని బేరం ఆడాను. ఆయన కోపగించుకోలేదు, కుదరదు సర్ అన్నాడంతే. ఆ రోజు మాత్రం, ఒక అడుగు తోలు, రెండు గజాల దారం, దీనికి ఇంత డబ్బా అని నా మనసులో గట్టిగా ఉండిపోయింది.

జులైలో ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళాను. సెంట్రల్ స్టేషన్ దగ్గర పెరియమెట్‌లో వరసగా తోలు దుకాణాలే, సందులోకి తిరగగానే వాసన చెబుతుంది. అక్కడ తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. నేను గేదె తోలు, వెజ్ టాన్, మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క తీసుకున్నాను. చదరపు అడుగు 220, నాలుగడుగులు, 880 రూపాయలు. దుకాణం ఆయన ముక్కని వంచి చూపించి, వంచినచోట సన్నటి గీతలు చీలినట్టు వస్తే తీసుకోవద్దని తనే చెప్పాడు. పొట్ట భాగం తోలు సాగుతుంది, చవగ్గా వస్తుంది, ఒరకి పనికిరాదు. భుజం భాగమో వీపు భాగమో తీసుకోవాలి.

పనిముట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కుట్లకి రంధ్రాలు కొట్టే నాలుగు మిల్లీమీటర్ల పళ్ళ ఉలి సెట్టు 650, మైనం పట్టిన 0.8 మిల్లీమీటర్ల దారం, మొన లేని సూదులు కలిపి 320, కుట్టు గాడి గీసే పనిముట్టు 420, అంచు చెక్కేది 280, ప్లాస్టిక్ సుత్తి 350, రివెట్లు 300, కట్టర్ బ్లేడ్లు 90, ఫెవికాల్ ఎస్ఆర్ చిన్న డబ్బా 110, ఎమరీ కాగితాలు 60, తేనెమైనం 150. తోలు కుట్టే ఆరె మాత్రం కాకా దగ్గరే 60 రూపాయలకి కొన్నాను. తోలుతో కలిపి 3,670. ఇప్పుడైతే గాడి గీసేది కొనను, పిల్లల జామెట్రీ బాక్సులో రెండు ముళ్ళ డివైడర్ అదే పని చేస్తుంది, అంచు నుంచి ఒకే దూరంలో గీత గీయడమే కదా. రివెట్లు డబ్బా ఇంకా విప్పనే లేదు.

మొదటి ఒర ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. కత్తిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకుని, వీపు వైపు మడత వచ్చేలా, పదును వైపు కుట్టు వచ్చేలా నమూనా తీశాను. కాగితానికి సరిగ్గా సరిపోయింది. కాగితానికి మందం లేదు, తోలుకి మూడున్నర మిల్లీమీటర్లు ఉంది, కత్తి వీపుకి నాలుగు ఉంది, మధ్య పట్టీకి ఇంకో మూడున్నర. ఇవన్నీ కలిపి వదిలిపెట్టాలన్నది తట్టలేదు. కుట్టడం అయ్యాక కత్తి సగం వరకే వెళ్ళింది. బలంగా తోస్తే మొన పక్కనుంచి తోలులోకి దిగింది. పదకొండు గంటల పని. చేతివేళ్ళ మీద దారం కోసిన గీతలు వారం రోజులు పోలేదు.

అదే వారం కాకా దగ్గర కూర్చున్నాను. నా కుట్టు చూసి, "ఆరె అడ్డంగ పోతున్నది, అందుకే యెనుక దిక్కు కుట్టు వంకర వస్తున్నది, చెయ్యి నిట్టనిలువ వట్టు" అని నా మణికట్టు పట్టుకుని సరిచేశాడు. దారం లాగేటప్పుడు రెండు కొసలూ ఒకేసారి, ఒకే బలంతో లాగాలని చూపించాడు. నేను నేర్చుకుంటున్నది ఒకే దారానికి రెండు వైపులా రెండు సూదులతో కుట్టే కుట్టు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్తాయి, ఎక్కడో ఒక కుట్టు తెగినా పక్కవి విడిపోవు. మిషన్ కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే వరసగా వదులైపోతుంది. కుట్టాల్సిన పొడవుకి నాలుగింతల దారం తీసుకోవాలి. తక్కువ తీసుకుంటే మధ్యలో అతుకు పడుతుంది, ఆ అతుకు సరిగ్గా మొన దగ్గరే వస్తుంది.

రెండో ఒర కుట్టు బాగా కుదిరింది. కత్తి లోపలికి హాయిగా దిగింది, సంతోషపడ్డాను. తడిపి అచ్చు తీయడం ఒక్కటే మిగిలింది. ఇక్కడే పాడుచేశాను. గోరువెచ్చటి నీళ్ళు చాలు. నేను తొందరగా మెత్తబడుతుందని గీజర్ నీళ్ళకి తోడు కాచిన నీళ్ళు పోశాను. వెజ్ టాన్ తోలు బాగా వేడి నీళ్ళలో పడితే ముడుచుకుపోతుంది, అంటే ఉడికిపోతుంది. కళ్ళముందే అంచులు లోపలికి తిరిగి, రంగు ముదిరి, చేత్తో పట్టుకుంటే అప్పడంలా గట్టిపడింది. దానికితోడు కత్తికి ఏమీ చుట్టకుండా అలాగే తడి ఒరలో దోపేశాను. తెల్లారి తీసి చూస్తే లోపలివైపు తోలంతా నీలంనలుపు మరకలు, కత్తి మీద కూడా అదే నలుపు.

ఆ నలుపు చూసి ముందు భయపడ్డాను, తోలే పాడైందనుకున్నాను. తర్వాత అర్థమైంది. తంగేడు, కరక్కాయ లాంటివాటిలో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలు వచ్చేది ఇలాగే. బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో గీస్తే ఆ గీత నల్లగా మారుతుంది. వాళ్ళు కావాలని చేసేది నా ఒరలో నాకు తెలియకుండా జరిగింది. దీని గురించి చదువుతూ ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. మూడో ఒరకి రంగు కొనకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఒక సీసాలో తుప్పు పట్టిన మేకులు వేసి, వెనిగర్ పోసి, మూత వదులుగా పెట్టి బాల్కనీలో రెండు వారాలు వదిలేశాను.

నాలుగడుగుల తోలులో మిగిలినదాంట్లో పొట్టవైపు సాగే ముక్కే ఎక్కువ ఉంది, మంచి ముక్క మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. రెండడుగులు 520, కొరియర్ 150. అంటే 670.

మూడోది తొందరపడకుండా రెండు ఆదివారాలు చేశాను. కాగితం బదులు మందపాటి అట్టతో నమూనా చేసి, దాన్ని క్లిప్పులతో బిగించి కత్తి దోపి చూసి, అప్పుడు తోలు కోశాను. పదును వైపు పన్నెండు మిల్లీమీటర్లు అదనంగా వదిలాను. మధ్య పట్టీని మూతి దగ్గర వెడల్పుగా, మొన వైపు సన్నంగా కోశాను. ఫెవికాల్ ఎస్ఆర్ రెండు వైపులా రాసి, చేతికి అంటుకోనంత వరకు పది నిమిషాలు ఆగి అతికించాను. బెల్టు పట్టీ అన్నిటికంటే ముందే కుట్టేయాలి, ఒర మూసేశాక వెనకవైపుకి సూది వెళ్ళదు. కుట్టు అయ్యాక చల్లటి నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి, తీసి, అసలు రంగు కొంచెం తిరిగి వచ్చేదాకా ఆగాను. కత్తికి నూనె రాసి వంటింట్లో వాడే ప్లాస్టిక్ పొర రెండు చుట్లు చుట్టి లోపల పెట్టి, పిడి మొదలు చుట్టూ బొటనవేలితో నొక్కుతూ పోయాను. తడి తోలు వేలికింద మైనంలా లొంగుతుంది. పిడి లావైనచోట తోలు లోపలికి నొక్కుకుని అంచు పడింది, కత్తిని పట్టి నిలిపేది అదే. ఒక రోజంతా నీడలో ఆరబెట్టాను. మర్నాడు తోలు చెక్కలా గట్టిగా, కత్తి ఆకారంలో ఉంది. కత్తి దోపితే చివరి అర అంగుళం దగ్గర టక్ మని చిన్న శబ్దం వచ్చి కూర్చుంది. తలకిందులుగా పట్టుకుని ఊపినా పడలేదు. నేను పదిసార్లు తీసి పెట్టాను, ఆ శబ్దం కోసమే.

మేకుల నీళ్ళు కుంచెతో పూస్తే తోలు ముందు బూడిదరంగుకి తిరిగి, రెండు నిమిషాల్లో నల్లగా అయిపోయింది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో తప్పకుండా కడగాలి, వెనిగర్ పులుపు తోలులో ఉండిపోతే కత్తికే నష్టం. అంచుల్ని ఎమరీ కాగితంతో రుద్ది, కొంచెం తడి చేసి, కర్రముక్కతో వేడి పుట్టేదాకా రుద్దితే మూడు పొరలు కలిసిపోయి ఒకటే పొరలా మెరుస్తాయి. పైన తేనెమైనం, కొంచెం కొబ్బరినూనె కలిపి కరిగించి పట్టించాను. తొమ్మిది గంటలు పట్టింది దీనికి.

ఇప్పుడు లెక్క. 3,670కి 670 కలిపితే 4,340. ఆ బెంగళూరు ఆయనకి ఇస్తే అయ్యేది 4,400. నాకు మిగిలింది 60 రూపాయలు, అందుకు మూడు ఒరల మీద దాదాపు ముప్పై గంటలు పెట్టాను. పనిముట్లు ఉన్నాయి కదా, తర్వాతివి చవగ్గా వస్తాయి కదా అంటే వస్తాయి. మా బావకి నాలుగోది చేసిచ్చాను, తోలు 260, దారం, జిగురు, మైనం అన్నీ కలిపి ఇంకో 80, మొత్తం 340. కానీ అది కూడా ఏడు గంటలు పట్టింది. మా ఊళ్ళో మేస్త్రీ రోజు కూలీ వెయ్యి రూపాయలు. ఆ లెక్కన చూసినా నా ఒర 1,300 దాటుతుంది, అదీ నాలుగో ఒరకే మేస్త్రీ పనితనం వచ్చిందనుకుంటే. ఆ బెంగళూరు ఆయనకైతే నాలాంటివాళ్ళతో ఫోన్లో మాట్లాడే గంట, చెడిపోయిన తోలు, ఇన్నేళ్ళ చేయి, షాపు అద్దె అన్నీ ఆ 3,800లోనే రావాలి. నేను ఆ రోజు రెండు వేలకి అడిగింది ఆయన తోలుకి కాదు, ఆయన పూటకి ధర తగ్గించమని. అది తప్పు, ఈ మాట ఆయనకే ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వి, వేడినీళ్ళలో ముంచారా అని అడిగాడు. అందరూ మొదట అదే చేస్తారట.

నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పేది, ఒక్క కత్తికి ఒక్క ఒరే కావాలంటే డబ్బు మిగులుతుందని మాత్రం మొదలుపెట్టొద్దు, మిగలదు. ఇంట్లో మూడు నాలుగు కత్తులు ఉండి, ఆదివారాలు ఉండి, చేతిపని మీద ఇష్టం ఉంటే మొదలుపెట్టండి. మొదటిసారి మంచి తోలు కోయకండి, మందపాటి అట్టతో రెండుసార్లు చేసి చూడండి. సంచుల తోలు ఎంత చవగ్గా వచ్చినా కత్తికి వద్దు.

సెప్టెంబర్‌లో కత్తి, ఒర తీసుకెళ్ళి బాపుకి ఇచ్చాను. కుట్లు పడిన చేత్తోనే తీసుకున్నాడు, అరచేతిలో తెల్లటి గీత ఇంకా ఉంది. కత్తి దోపి, తీసి, మళ్ళీ దోపి, "గట్టిగనే కూసుంటున్నది" అన్నాడు. సాయంత్రం తోట నుంచి వచ్చాక కత్తిని ఒరలోనే ఉంచొద్దని గట్టిగా చెప్పాను, వెజ్ టాన్ తోలైనా గాలిలో తేమ పీల్చుకుంటుంది, రోజుల తరబడి లోపలే ఉంటే తుప్పు మళ్ళీ మొదలవుతుంది. ఇప్పుడు ఇంటికి రాగానే కత్తి తీసి, తుడిచి, నూనె గుడ్డతో ఒక్కసారి రాసి గూట్లో పెడుతున్నాడు, ఒర పక్కన మేకుకి వేలాడుతుంటుంది. అమ్మ ఫొటో తీసి పంపింది.

ఒకటే ఇబ్బంది చెప్పాడు. బండి మీద కూర్చుంటే పిడి పక్కటెముకలకి గుచ్చుకుంటోందట. బెల్టు పట్టీ నేను పైకి కుట్టాను, కత్తి రెండంగుళాలు కిందికి వేలాడేలా పొడుగు పట్టీ కావాలి. మిగిలిన తోలులో ఏడంగుళాల ముక్క ఒకటి ఉంది, సరిపోతుంది. వచ్చే ఆదివారం ఊరికి వెళ్ళి ఆ పాత కుట్టు విప్పాలి.